వీపుల మధ్య ఎడం

పాల్వంచ దాటి భద్రాచలం దిక్కు పోయేవాళ్ళలో ఎక్కువమంది రాముడి దగ్గరకు పోతారు. నేను పోయింది మా అక్క దగ్గరకు. గోదావరి చూశావా అని మా వీధిలో అందరూ అడుగుతున్నారు. చూడలేదు. పర్ణశాల చూశావా? అదీ చూడలేదు. మరి అన్ని రోజులు అక్కడేం చూశావమ్మా అని అడిగితే జవాబు చెప్పలేక ఇది రాస్తున్నాను. నోటితో చెబితే నన్ను నేను వెనకేసుకొస్తాను. రాతలో అంత సులువుగా అబద్ధం రాదు నాకు. ఇప్పటికీ కూడబలుక్కునే రాస్తాను.

మాది నేలకొండపల్లి. నా పేరు ఎస్తేరు. మా అక్క రాహేలమ్మ. ఇద్దరం ఖమ్మం చుట్టుపక్కల మిరప కల్లాల్లో ఎండుమిరపకాయలకు తొడిమెలు తీసి బతికాం. ముసలితనం వచ్చాక చర్చిలో సాయంత్రం బడి పెడితే నేను పోయి అక్షరాలు నేర్చుకున్నాను. అక్క రాలేదు. "గిప్పుడు నేర్సుకోని ఏ కలెక్టరు కొలువు చేస్తవే" అని నవ్వేది. ఆ తరువాత కొన్నేళ్ళకు ఆమెకు మతిమరుపు జబ్బు పట్టింది. బావ ముందే పోయాడు, పిల్లలు లేరు, నా దగ్గరే ఉండేది. ఖాళీ గిన్నె పొయ్యిమీద పెట్టి ఎటో వెళ్ళిపోయేది. నాకు మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆమె వెనక పరిగెత్తడం నావల్ల కాలేదు. అడవి అంచున ఇలాంటి ముసలివాళ్ళను చూసుకునే ఇల్లు ఒకటుందని చర్చివాళ్ళు చెప్పి అక్కడ చేర్చారు. మోకాలు కుదురుకున్నాక, ఇప్పపువ్వు రాలే రోజుల్లో, మొదటిసారి చూడటానికి బయలుదేరాను.

నిన్నటి బోర్డు

ఖమ్మం బస్టాండులో బస్సుల బోర్డులు చదవడం నాకు పండగ. ఎవరినీ అడగను. ఆ రోజూ అంతే, 'కొత్తగూడెం' అని ఉన్న బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. పక్కన ఒకామె, ఒళ్ళో సంచి నిండా కరివేపాకు మొక్కలు.

"మీరెక్కడికండీ?" అంది.

"కొత్తగూడెం."

"ఇది సత్తుపల్లి పోద్దండీ."

"బోర్డు చదువుకోలేదా?" అన్నాను.

"నాకు చదువు రాదండీ. డ్రైవరు మా ఊరి దిక్కోడు, అందుకని ఎక్కా."

"నాకొచ్చు" అన్నాను. అక్కడితో ఊరుకోవచ్చు కదా! 'చదువు రానివాళ్ళు ఇలాగే తప్పు బస్సులెక్కుతారు' అని కూడా అన్నాను. ఆమె ఒళ్ళో సంచి సర్దుకుంది.

బస్సు కిటకిట. నిలబడ్డవాళ్ళను తోసుకుంటూ కండక్టరమ్మ మా దగ్గరకు వచ్చేసరికి వైరా దాటాం. ఆడవాళ్ళకు సున్నా టికెట్టే అయినా ఊరి పేరు చెప్పాలి. చెప్పాను.

"కొత్తగూడెమా? ఏంది పెద్దమ్మా, ఇది సత్తుపల్లి బండి."

"మరి బోర్డు?"

"అది నిన్నటిది. పొద్దుగాల మార్చుడు మర్చిపోయినం. నోరు లేదా, ఒక్క మాట అడగొద్దా?"

బస్సంతా నవ్వింది. పక్కనామె ఒక్కతే నవ్వలేదు. సంచిలోంచి రెండు చెక్కలు తీసి చేతిలో పెట్టి, "తల్లాడలో దిగండి, అక్కడ కొత్తగూడెం బండి దొరుకుద్ది" అంది. తినాలని లేకపోయినా తిన్నాను, పారేస్తే ఆమె చూస్తుందని.

దీన్ని అప్పుడు చిన్న అవమానమనుకుని మరిచిపోయాను. మరిచిపోకుండా ఉండాల్సింది.

తల్లాడ నుంచి అడవి దాకా

తల్లాడలో హోటలు బల్లమీద చాలాసేపు కూర్చున్నాను. టీ పది రూపాయలు. గ్లాసు చిన్నదైనా టీ చిక్కగా ఉంది. మిరపకాయ బజ్జీ ప్లేటు ముప్పై. మా దిక్కు బజ్జీలో వాము, చింతపండు కూరుతారు. ఇక్కడ ఖాళీగా వేయించి పైన ఉల్లిపాయ చల్లారు. మిరపకాయ విరిచి వాసన చూశాను. చూడకుండా ఉండలేను. చేతులు మానేసినా ముక్కు మానలేదు.

కొత్తగూడెంలో మళ్ళీ బస్సు మారాను. ఈసారి ముగ్గురిని అడిగి ఎక్కాను. పాల్వంచ దాటాక రోడ్డుకు రెండు పక్కలా టేకు చెట్లు ఆకు రాల్చి నిలబడ్డాయి. ఒక ఊరి దగ్గర ఎక్కినామె బుట్ట నిండా ఇప్పపువ్వు. బస్సంతా తియ్యగా, కాస్త మత్తుగా ఆ వాసనే. మా ఊళ్ళో పువ్వంటే జడలోకి, పటానికి. ఇక్కడ పువ్వును చాపమీద ఎండబోసి తింటారు. ఆమె నాలుగు నా అరచేతిలో పెట్టింది. నాకు రాని భాషలో ఏదో చెప్పి, తినమని చేత్తో చూపించింది. పచ్చివి, తేనెలాగా ఉన్నాయి. ఇద్దరికీ ఒక్క మాట కలవలేదు, అయినా నేను దిగేదాకా పక్కపక్కనే బాగానే కూర్చున్నాం.

బస్సు రాని బస్టాపు

ఆ ఇల్లు రోడ్డుకు లోపలగా ఉంది. గులాబీ రంగు గోడలు, రేకుల వసారా, వెనక కంచె, కంచె అవతల అడవి. మొదట నా కళ్ళు పడింది వాకిట్లో ఉన్న బస్టాపు మీద. వీపు ఆనించుకునే పలక లేని చెక్క బెంచీ, పైన చిన్న రేకు, స్తంభానికి బోర్డు: 'ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం.' గేటు లోపల, రోడ్డుకు అంత దూరంలో బస్సెట్లా ఆగుతుందా అనుకున్నాను.

ఇంటి బాధ్యత చూసే నర్సు గ్రేసీ సిస్టర్ ఎదురొచ్చింది. నలభై ఏళ్ళ మనిషి, గట్టి గొంతు.

"ఇక్కడికి బస్సు రాదమ్మా" అంది. "పొద్దుగూకంగనే ఇంటికి పోత, ఇంటికి పోత అని లేస్తరు. ఇక్కడ కూసోబెడితే బస్సు కోసం చూస్తరు. కాసేపటికి మర్చిపోతరు. అప్పుడు లోపలికి తీస్కపోత."

"మోసం కాదా అది?"

"అవ్, మోసమే. గేటుకు తాళం కొడితే గింజుకోని ఏడుస్తరు. ఇది కొంచెం తక్కువ మోసం."

నాకు ఆమె నచ్చింది.

అక్క ఆ బెంచీ మీదే ఉంది, గేటు వైపు మొహం పెట్టి. ఒళ్ళో ఏమీ లేకపోయినా వేళ్ళు తొడిమెలు గిల్లుతూనే ఉన్నాయి. అదే బెంచీ మీద, గోడ వైపు మొహం పెట్టి, ఇంకొక ముసలామె. కొంగు నుదుటి కిందికి లాక్కుని కూర్చుంది. ఇద్దరి వీపులూ ఒకదానికొకటి ఆని ఉన్నాయి. ఆమె హుసేన్‌బీ అనీ, కొత్తగూడెంలో పరుపులు కుట్టేవాళ్ళ ఇంటి మనిషనీ గ్రేసీ చెప్పింది.

"అక్కా" అని ముందుకు పోయి నిలబడ్డాను.

అక్క నన్ను పైనుంచి కిందికి చూసింది. "వచ్చినవా మేస్త్రమ్మా? ఇంకా రెండు బస్తాలున్నయి. జర ఊపిరి పీల్చుకోనీ."

కల్లంలో మా మీద అరిచే మేస్త్రి అనుకుంది. నవ్వాను. పక్కకు పోయి కళ్ళు తుడుచుకున్నాను. రాత్రి అన్నం దగ్గర కూడా నన్ను మేస్త్రమ్మనే చేసింది. "అన్నం గూడ తూకమేస్తవా ఏంది?" అంది. పక్క బల్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు.

అక్కడ పొద్దున జావ సొరకాయ బుర్రల్లో పోసి ఇస్తారు. వంటామె ఆ చుట్టుపక్కల గూడెం మనిషి. వేడి స్టీలు గ్లాసులను వదిలేసే ముసలివాళ్ళు బుర్రను మాత్రం రెండు చేతులా పట్టుకుంటున్నారు. మా ఇంట్లో సొరబుర్ర ఎప్పుడో పోయింది. నేనూ బుర్రలోనే తాగాను, బాగుంది.

నేను చదివిన కాగితం

ఆ ఇంట్లో అప్పుడు ప్రవళిక అని ఒక అమ్మాయి ఉంది. ఖమ్మంలో నర్సింగు పై చదువు చదువుతోంది. జబ్బుతో ఉన్న ఈ ముసలివాళ్ళు ఒకరితో ఒకరు ఎంత కలుస్తున్నారు, ఆ కలయిక ఎట్లా పెంచాలి అన్నది ఆమె పని. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు ఒక మూల కూర్చుని చూస్తుంది. ఎవరు ఎవరితో మాట్లాడారు, ఎవరి వైపు చూశారు, ఎవరి చెయ్యి పట్టుకున్నారు, ఎవరు నవ్వారు. ఆయాలు కూడా నింపాలి కాబట్టి కాగితం తెలుగులోనే ఉంది.

తెలుగులో ఉండబట్టే నేను చదివాను.

రెండోరోజు పొద్దున ఆమె జావ తాగుతుంటే కాగితం నా వైపు తిప్పుకున్నాను. అక్క పేరు దొరికింది. పక్కన మాట: లేదు. చూపు: లేదు. చెయ్యి: లేదు. నవ్వు: లేదు. కింద హుసేన్‌బీ పేరు. అక్కడా అన్నీ లేదు, లేదు, లేదు.

"అంటే మా అక్కకు ఇక్కడ ఒక్క మనిషి లేదా?" అన్నాను.

"గట్ల కాదు అమ్మమ్మా. ఇది మొదటి వారమే. ముందు ఎట్లున్నరో చూసి రాసుకోవాలె. తర్వాతనే ఏదన్న మార్చాలె. నాకు ఇంకా సరిగ తెల్వది, నేను అడిగినయే తప్పేమో గూడ తెల్వది."

"ఇందులో రాసి ఉంది కదా."

"రాసింది నేనే గదా అమ్మమ్మా! తప్పుండొచ్చు."

ఈ మాట మళ్ళీ మళ్ళీ గుర్తొస్తోంది. రాసిన పిల్లే తప్పుండొచ్చు అంది. చదివిన నేను ఒప్పుకోలేదు.

"నువ్వు రాసుకుంటూ కూర్చో" అని లేచాను.

బెంచీ దగ్గర ఇద్దరూ నిన్నటిలాగే ఉన్నారు. ఎడమొహం పెడమొహం అనుకున్నాను. రోజంతా ఒకే బెంచీ మీద కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకోకపోతే కలయిక ఎక్కడినుంచి వస్తుంది? ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి అక్క ముందు వేశాను. హుసేన్‌బీని రెక్క పట్టి లేపి తెచ్చి అందులో కూర్చోబెట్టాను.

"అమ్మమ్మా, వద్దు. సిస్టర్ రానీ" అంటూ ప్రవళిక వచ్చింది. గ్రేసీ లోపలి గదిలో ఎవరికో స్నానం చేయిస్తోంది.

"ఏమీ కాదు" అన్నాను. వాళ్ళిద్దరికీ గట్టిగా చెప్పాను: "ఇటు చూడండి. మొహాలు చూసుకోండి. పేర్లు చెప్పుకోండి. అక్కా, నీ పేరు చెప్పు."

అక్క ఎదురుగా ఉన్న ఆమెను చూసింది. అక్క మొహం మారిపోయింది. "ఎవరే నువ్వు? మా జాగల ఎందుకు కూసున్నవ్?"

హుసేన్‌బీ కొంగు మొత్తం మొహం మీదికి లాక్కుంది. లోపలినుంచి "నక్కో, నక్కో" అంటోంది, వద్దు వద్దు అని. ఆ మాట ఖమ్మం బజారులో నేను వెయ్యిసార్లు విన్నదే.

నేను ఆ కొంగు పట్టి కిందికి గుంజాను.

ఇదే రాయడానికి ఇంత దూరం వచ్చాను. ఒక పెద్దమనిషి, కొంగు చాటున దాక్కున్న మనిషి, ఆమె మొహం మీది కొంగు గుంజాను. ఆమె నన్ను చూసి అరిచిన అరుపుకు అక్క బెదిరి చెయ్యి విసిరింది. కుర్చీ వెనక్కి పడింది. హుసేన్‌బీ కిందపడింది, బరువంతా మణికట్టు మీద పడింది.

గ్రేసీ తడి చేతులతో పరిగెత్తుకొచ్చింది. "ఏమైంది?"

"అక్క కొట్టింది" అన్నాను.

అబద్ధం కాదు. అక్క చెయ్యి తగిలింది. నేను ఆ ఒక్క మాట చెప్పి ఆపాను. ప్రవళిక నన్ను చూసింది. నేనే చెబుతానని ఆగినట్టుంది. నేను చెప్పలేదు. గ్రేసీ హుసేన్‌బీ కొడుకుకు ఫోన్ చేసి "పక్కావిడ చెయ్యి విసిరింది, మీ అమ్మ పడ్డది, ఎముక విరగలేదు, వాపు ఉంది" అని చెబుతుంటే అక్కడే నిలబడి విన్నాను.

ఫోన్ పెట్టేసి గ్రేసీ చెప్పింది: "శుక్రవారం నమాజు అయినంక వచ్చి వాళ్ళమ్మను తీస్కపోతడట. చండ్రుగొండల వాళ్ళ చెల్లె ఇంట్ల పెడ్తడట. చెల్లె పామాయిల్ తోటల పనికి పోతది. పొద్దంతా ఇంట్ల ఎవరుంటరు? తాళమేసుకోని పోతరు."

అక్క వీపు

ఆ మధ్యాహ్నం ఎండలో అక్క ఒక్కతే బెంచీ మీద కూర్చుంది. వేళ్ళు గిల్లుతున్నాయి. కాసేపటికి వెనక్కి వాలింది. వెనక ఏమీ లేదు. ఉలిక్కిపడి నిటారుగా కూర్చుంది. మళ్ళీ కొంచెం వెనక్కి జరిగి మెల్లగా వాలింది. మళ్ళీ ఏమీ లేదు. అట్లా జరుగుతూ జరుగుతూ బెంచీ అంచుదాకా పోయింది. పడిపోకుండా ఆయా పట్టుకుంది.

అప్పుడు తెలిసింది నాకు. తల్లో కాదు, నడుములో తెలిసింది.

కల్లంలో ఆనుకోవడానికి గోడ ఉండదు, చెట్టు ఉండదు. ఎదురెదురుగా కూర్చుంటే ఒకరి తుమ్ము ఒకరి మొహాన, దులిపిన మిరప దుమ్ము ఒకరి కళ్ళలోంచి ఇంకొకరి కళ్ళలోకి. అందుకని మా ముఠాలో జంటలు జంటలుగా వీపుకు వీపు ఆనించి కూర్చునేవాళ్ళం. ఎవరి కుప్ప వాళ్ళ ముందు. నా జంట మా అక్క. నేను అలిసిపోతే ఆమె కొంచెం గట్టిగా ఆనేది. ఆమెకు నిద్రొస్తే నా వీపుకు తెలిసేది. పొద్దంతా మాట లేదు, చూపు లేదు, నవ్వు లేదు. సాయంత్రం లేచేటప్పుడు ఒకరు చెప్పకుండా లేస్తే ఇంకొకరు వెనక్కి పడేవాళ్ళు, అందుకని "లేస్తున్నా" అని చెప్పి లేచేవాళ్ళం.

ప్రవళికకు ఇది తెలియకపోవచ్చు. ఆమె ఎప్పుడూ కల్లంలో కూర్చోలేదు. నాకేమైంది? ఏళ్ళ తరబడి ఆ వీపు మీద బతికినదాన్ని, కాగితం మీద 'లేదు' అని ఉంటే లేదనుకున్నాను.

పోయి హుసేన్‌బీ జాగాలో, గోడ వైపు తిరిగి కూర్చున్నాను. మెల్లగా నా వీపు అక్క వీపుకు ఆనించాను. ఆమె వేళ్ళు ఆగిపోయాయి. కాసేపు చూసింది, అంటే వీపుతో చూసింది. తరువాత ముందుకు జరిగిపోయింది.

"లేవు మేస్త్రమ్మా" అంది. "అది ఒకామె జాగ."

పరుపుల దుకాణం

మర్నాడు పొద్దున్నే కొత్తగూడెం బస్సెక్కాను. గ్రేసీకి చెప్పే వెళ్ళాను, జరిగింది జరిగినట్టు. ఆమె "నిన్ననే చెప్పి ఉంటే వాళ్ళ కొడుకుకు వేరే తీర్గ చెప్పేదాన్ని గదమ్మా" అంది. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

బస్టాండు పక్క హోటల్లో ఇడ్లీ ప్లేటు ముప్పై అయిదు, అల్లం చట్నీ బాగుందని అందరూ అంటారు. నాకు రుచి తెలియలేదు. అడుగుతూ అడుగుతూ హుసేన్‌బీ కొడుకు యాకూబ్ దుకాణం పట్టుకున్నాను. లోపల దూది ఏకే మిషను గోల, గాలినిండా దూది. యాభై ఏళ్ళ మనిషి, గడ్డం మీద, కనుబొమల మీద తెల్లగా దూది పట్టి ఉంది. పరుపు మీద మోకాళ్ళూని పొడుగాటి సూదితో కుడుతున్నాడు.

"కూసో పెద్దమ్మా. సింగిలా, డబులా?" అన్నాడు, నేను పరుపు కోసం వచ్చాననుకుని.

"నేను రాహేలమ్మ చెల్లెల్ని" అన్నాను.

సూది ఆగింది. మిషను ఆపమని లోపలికి సైగ చేశాడు. "ఓ. కొట్టినామె చెల్లెవా! మాఫీ అడగనీకి వచ్చినవా? ఇడిసెయ్. ఆమెకు సోయి లేదు, మా అమ్మకు లేదు. ఎవర్నని ఏం లాభం?"

అక్కడే లేచి వచ్చేయవచ్చు. ఆయన క్షమించేశాడు, నన్ను కాదు కానీ. కాళ్ళు లేవబోయాయి కూడా. బలవంతంగా కూర్చున్నాను.

"కొట్టింది మా అక్క కాదు. మీ అమ్మను లేపి ఎదురుగా కూర్చోబెట్టింది నేను. మొహం కప్పుకుంటే కొంగు గుంజింది నేను. ఆమె అరుపుకు మా అక్క బెదిరింది."

చాయ్ తెచ్చిన ఆయన భార్య గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎందుకు గుంజినవ్?" అన్నాడు యాకూబ్.

"ఎవరితో కలవడం లేదని కాగితంలో చదివాను."

"చదువుకున్నవా?"

"ముసలితనంలో నేర్చుకున్నా."

"మస్తు నేర్సుకున్నవ్" అన్నాడు.

చాయ్ చల్లారిపోయింది. దూది పోగులు గ్లాసులో పడుతున్నాయి. ఆయన మాట్లాడినప్పుడు పరుపు వైపే చూస్తూ మాట్లాడాడు.

"మా అమ్మకు మనుషుల మొకాలు యాదికి లేవు. ఏ మొకం చూసినా దొంగొచ్చిండనే భయం. అద్దంల ఆమె మొకం చూసి ఆమెనే భయపడ్డది, అద్దానికి బట్ట కప్పినం. నేను గూడ ముంగటికి పోను. ఎనకనుంచి పోత. పోయేముందు చెప్త, అమ్మీ, నేను యాకూబ్‌ని, ఎనకనుంచి వస్తున్న అని. అప్పుడు భుజం మీద చెయ్యేస్త. చెయ్యి యాదికుంది ఆమెకు. ఆ ఇంట్ల చేర్పించినంక మొదటిపాలి ఎవరికో ఒకరికి ఆనుకోని కూసున్నది. మొకం చూడకుండ మనిషి దొరికిండు ఆమెకు. చూసి నేను రోడ్డు మీద నిలబడి ఏడ్సిన."

గడ్డం మీది దూది దులుపుకున్నాడు.

"ఆమె కొంగు నేను గుంజలే ఎన్నడు. కడుపుల పుట్టినోణ్ణి, నేను గుంజలే."

కల్లంలో వీపుకు వీపు ఎట్లా కూర్చునేవాళ్ళమో చెప్పాను. చండ్రుగొండ తీసుకుపోవద్దని అడిగాను. అడిగే హక్కు నాకు లేదని కూడా చెప్పాను.

"లేదు, నీకు లేదు" అన్నాడు. సూది మళ్ళీ తీసుకున్నాడు. "శుక్రవారం వస్త. మీ అక్క పక్కన కూసోబెడ్త. కూసుంటే ఉంచుత. లేస్తే తీస్కపోత. నీ కోసం గాదు."

ఆయన భార్య చల్లారిన చాయ్ తీసేసి వేడిది పోసి ఇచ్చింది. తాగి వచ్చాను.

శుక్రవారం

నమాజు అయ్యాక మోటారు సైకిలు మీద వచ్చాడు. గేటు దగ్గరే నన్ను చూసి చెప్పాడు: "పెద్దమ్మా, నువ్వు కనపడకు. పేరు యాదుండకపోయినా భయం యాదుంటది."

వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డాను. వంటామె కూరగాయలు తరగడం ఆపి నా పక్కకు వచ్చింది.

అక్క అప్పటికే బెంచీ మీద ఉంది, గేటు వైపు తిరిగి. యాకూబ్ వసారాలో తల్లి వెనకకు పోయి నిలబడ్డాడు. "అమ్మీ, యాకూబ్‌ని, ఎనకనుంచి వస్తున్న." భుజం మీద చెయ్యేశాడు. అట్లాగే వెనకనుంచి నడిపిస్తూ, కట్టు కట్టిన చేతికి ఏదీ తగలకుండా, బెంచీ దగ్గరకు తెచ్చి గోడ వైపు కూర్చోబెట్టాడు. కొంగు సర్ది పక్కకు జరిగాడు.

అక్కకు బెంచీ కదలిక తెలిసింది. వేళ్ళు ఆగాయి. మెల్లగా వెనక్కి వాలింది. హుసేన్‌బీ ముందుకు ఒంగింది. అక్క వీపుకు గాలే తగిలింది. మళ్ళీ నిటారుగా కూర్చుంది. చాలాసేపు ఇద్దరూ అట్లాగే, మధ్యలో ఖాళీతో. హుసేన్‌బీ లేస్తుందేమోనని చూస్తున్నాను. ఆమె కాలు ఒకసారి కదిలింది. యాకూబ్ చెయ్యి ముందుకు వచ్చింది. ఆమె లేవలేదు.

అక్క మళ్ళీ తొడిమెలు తీయడం మొదలుపెట్టింది.

యాకూబ్ వంటింటి దగ్గరకు వచ్చాడు. "లేస్తలేదు" అన్నాడు.

"ఆనడం లేదు" అన్నాను.

"లేస్తలేదు గదా! ఒక వారం చూస్త." చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

ప్రవళిక కాగితం పట్టుకుని వచ్చింది. గీతలు గీసి కొత్త గడి ఒకటి చేసింది. దానిమీద 'వీపు' అని రాసుకుంది. "దీంట్ల ఏం రాయాలె అమ్మమ్మా? ఉన్నదనా, లేదనా?"

"ఎడం ఎంతుందో అది రాయి" అన్నాను. "ఉందనీ లేదనీ రాయకు."

ఆమె పోయి, ఎవరూ బెదరకుండా, దూరంగా తన అరచెయ్యి గాలిలో చాపి చూసింది. జానెడు.

తిరుగు దారి

అక్కకు చెప్పకుండా వచ్చాను. ముందుకు పోతే హుసేన్‌బీ నా గొంతు విని లేస్తుందేమో. వంటింటి వెనక గేటు తీసి వంటామె దారి చూపించింది, కంచె పక్కనుంచి రోడ్డుదాకా. ఇప్పచెట్ల కింద ఆడవాళ్ళు పువ్వు ఏరుతున్నారు. సంచి మోసుకుంటూ దొంగలాగా నడిచాను. పలకరిస్తారేమోనని తల ఎత్తలేదు.

అశ్వారావుపేట మీదుగా వచ్చే బస్సు దొరికింది. పామాయిల్ తోటలు మొదలయ్యాక ఎన్ని మైళ్ళు పోయినా అవే చెట్లు. గెలలు నింపిన ట్రాక్టరు మా ముందు మెల్లగా పోతూ దారి ఇవ్వలేదు. సత్తుపల్లి దగ్గర ఒకామె ఎక్కి పక్కన కూర్చుని నిద్రపోయి నా భుజం మీద వాలింది. ఇంకోసారైతే కసిరేదాన్ని. ఖమ్మందాకా కదలకుండా కూర్చున్నాను. మోకాలు పట్టేసింది.

ఇంటికొచ్చాక ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ప్రవళికకు ఫోన్ చేస్తున్నాను. యాకూబ్ తల్లిని తీసుకుపోలేదు. మొదటి ఆదివారం, "జానెడే అమ్మమ్మా" అంది. తరువాత బెత్తెడు. మధ్యలో ఒకసారి మళ్ళీ జానెడుకు పోయింది, ఆ రోజు ఎవరో పెద్దగా అరిచారట. పోయిన ఆదివారం, "రెండు వేళ్ళు. కొంగులు తగులుతున్నయి" అంది. కొంగులు అనగానే ఫోన్ చెవినుంచి తీసి కాసేపు ఒళ్ళో పెట్టుకున్నాను.

"మీ అక్కను చూడనీకి ఎప్పుడొస్తరు?" అని అడిగింది.

ఆ రెండు వేళ్ళ ఎడం కూడా పోయాక వస్తానన్నాను. వచ్చినా ముందునుంచి రాను. వెనకనుంచే రావాలి, ముందే పేరు చెప్పి రావాలి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ మాట పైకి అని చూశాను: "అక్కా, నేను ఎస్తేరును, వెనకనుంచి వస్తున్నా." మెల్లగా అన్నాను. ఇంకా మెల్లగా అన్నాను. ఎంత మెల్లగా అన్నా అది మేస్త్రి గొంతులాగానే ఉంది.